కంటెయినర్‌లో నడిచే అప్లికేషన్‌కు డేటాబేస్ పాస్‌వర్డ్ ఎలా అందించాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త సర్వీసును క్లస్టర్‌లోకి (అప్లికేషన్లు నడిపే సర్వర్ల గుంపులోకి) ఎక్కించే ప్రతిసారీ పని ఆగేది ఒకే చోట. కోడ్ రెడీ, ఇమేజ్ రెడీ, రిలీజ్ ఈ సాయంత్రమే. అప్పుడు ఎవరో అడుగుతారు: "డేటాబేస్ పాస్‌వర్డ్ దీనికి ఎలా ఇవ్వాలి?" ఆ తొందరలో పాస్‌వర్డ్ ఏదో ఒక ఫైల్లో పడుతుంది. తర్వాత దాన్ని ఎవరూ కదపరు, కదిపితే ఏది ఆగిపోతుందో తెలియదు కాబట్టి. ఆ తొందర రాకముందే చదువుకోవడానికి ఈ పేజీ రాశాను. నేను రోజూ పని చేసేది డాకర్ (అప్లికేషన్‌ను, దానికి కావాల్సినవన్నీ కలిపి ఇమేజ్‌గా కట్టి కంటెయినర్‌గా నడిపే టూల్), కుబెర్నెటీస్ (చాలా సర్వర్ల మీద కంటెయినర్లను నడిపించే వ్యవస్థ), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్)లతో కనుక ఉదాహరణలు ఎక్కువగా వాటివే.

బ్యాకింగ్ సర్వీస్ అంటే ఏమిటి? దానికి ఏమేం అందించాలి?

మీ అప్లికేషన్ నెట్‌వర్క్ మీదుగా వాడుకునే మరో సర్వీసు ఏదైనా బ్యాకింగ్ సర్వీసే. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, రెడిస్, కాఫ్కా, మెయిల్ సర్వర్, ఫైళ్లు దాచే ఎస్3, పేమెంట్ గేట్‌వే అన్నీ ఇందులోకి వస్తాయి. క్లౌడ్ సంస్థ హెరోకు ఇంజనీర్లు 2011లో రాసిన ట్వెల్వ్ ఫ్యాక్టర్ సూత్రాలతో ఈ మాట బాగా వ్యాప్తిలోకి వచ్చింది. ఈ సర్వీసులను అప్లికేషన్‌కు బయటి నుంచి తగిలించినట్టు ఉండాలి, ఒకటి తీసి మరొకటి తగిలిస్తే కోడ్‌లో ఒక్క లైను కూడా మారకూడదు అన్నది అందులోని ఆలోచన.

అందించాల్సింది పాస్‌వర్డ్ ఒక్కటే అనుకుంటారు. నిజానికి హోస్ట్ పేరు, పోర్ట్, డేటాబేస్ పేరు, యూజర్, పాస్‌వర్డ్, టీఎల్ఎస్ (కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) కోసం అవతలి సర్వర్ అసలుదేనని సరిచూసే సీఏ సర్టిఫికెట్ అన్నీ కలిపితేనే ఒక కనెక్షన్. ఎక్కువమంది మర్చిపోయేది సర్టిఫికెట్‌ను. కనెక్షన్ రాకపోయేసరికి వెరిఫికేషన్ ఆపేసి ముందుకు వెళ్తారు. ఆ పని చేయకండి. పాస్‌వర్డ్ ఎంత జాగ్రత్తగా దాచినా, అవతల ఉన్నది మన సర్వరేనా అని చూసుకోకపోతే దాన్ని మనమే ఎవరి చేతిలోనో పెట్టినట్టవుతుంది.

మా రిజిస్ట్రీ (ఇమేజ్‌లు దాచే చోటు) ప్రైవేట్. పాస్‌వర్డ్ ఇమేజ్‌లోనే పెడితే ఏమవుతుంది?

ఇమేజ్ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన లేయర్లు. ఒక లేయర్‌లో ఫైల్ పెట్టి తర్వాతి లేయర్‌లో తీసేస్తే, అది పై నుంచి చూసినప్పుడే కనిపించదు. కింది లేయర్‌లో అలాగే ఉంటుంది, ఇమేజ్ చేతికి వచ్చినవాళ్లెవరైనా విప్పి చూసుకోవచ్చు. డాకర్‌ఫైల్‌లో (ఇమేజ్ కట్టే సూచనల ఫైల్‌లో) ఆర్గ్ అనే బిల్డ్ సెట్టింగ్ ద్వారా ఇచ్చి వాడిన విలువలు కూడా ఇమేజ్ హిస్టరీలో బయటపడతాయి.

దీనికి 2021 నాటి కోడ్‌కవ్ (టెస్టులు కోడ్‌ను ఎంతవరకు తాకాయో లెక్కించే సర్వీసు) ఘటనను మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఆ సంస్థ బయటికి ఇచ్చిన డాకర్ ఇమేజ్‌ను తయారు చేసే పద్ధతిలో పొరపాటు ఉంది. దాని వల్ల ఒక క్లౌడ్ స్టోరేజ్ తాళంచెవి దాడి చేసినవాళ్ల చేతికి చిక్కింది. దాంతో వాళ్లు కంపెనీ పంచే స్క్రిప్ట్‌ను మార్చారు. ఆ స్క్రిప్ట్ కస్టమర్ల బిల్డ్ మెషీన్లలో నడిచినప్పుడల్లా అక్కడి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను (ప్రాసెస్‌కు పేరు, విలువ జతలుగా అందే సెట్టింగులను) బయటికి పంపింది. జనవరి చివర మొదలైంది, ఏప్రిల్‌లో గానీ కనిపెట్టలేకపోయారు.

ఇంకో కష్టమూ ఉంది. పాస్‌వర్డ్ ఇమేజ్‌లో ఉంటే టెస్ట్‌కు ఒక ఇమేజ్, ప్రొడక్షన్‌కు ఒక ఇమేజ్ కట్టాలి. అప్పుడు మీరు టెస్ట్ చేసింది ఒకటి, నడిపేది మరొకటి.

బిల్డ్ సమయంలోనే ప్రైవేట్ ప్యాకేజీల కోసం టోకెన్ కావాల్సి వస్తే డాకర్ బిల్డ్ ఇంజిన్ బిల్డ్‌కిట్‌లోని సీక్రెట్ మౌంట్ వాడండి. ఆ ఒక్క స్టెప్ నడుస్తున్నంతసేపే ఫైల్ కనిపిస్తుంది, ఏ లేయర్‌లోకీ చేరదు.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇవ్వాలా, ఫైల్‌గా ఇవ్వాలా?

నా ఓటు ఫైల్‌కే. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే టీమ్‌లలో ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ తేలిక. ఏ భాషలోనైనా ఒక్క లైనులో చదువుకోవచ్చు. ట్వెల్వ్ ఫ్యాక్టర్ చెప్పిందీ అదే. ఇబ్బంది ఏమిటంటే అది తెలియకుండానే నలుదిక్కులా పాకుతుంది. డాకర్ ఇన్‌స్పెక్ట్ కొడితే కనిపిస్తుంది. మీ ప్రాసెస్ ఏ చిన్న షెల్ కమాండ్ నడిపినా దానికి వారసత్వంగా వెళ్తుంది. అప్లికేషన్ క్రాష్ అయితే ఎర్రర్ రిపోర్ట్ తయారు చేసే టూల్ మొత్తం ఎన్విరాన్‌మెంట్‌ను చుట్టబెట్టి లాగ్ సర్వర్‌కు పంపుతుంది. డీబగ్ పేజీ పొరపాటున తెరిచి ఉంచితే బ్రౌజర్‌లోనే దర్శనమిస్తుంది. లాగ్ సర్వర్‌లో పడిన పాస్‌వర్డ్ ఎన్ని బ్యాకప్‌లలోకి వెళ్లిందో లెక్క తేల్చడం ఎవరి వల్లా కాదు.

ఫైల్‌కు ఈ గుణం లేదు. దాన్ని తెరిచి చదివితేనే బయటికి వస్తుంది. ఫైల్‌కు పర్మిషన్ పెట్టవచ్చు. కుబెర్నెటీస్‌లో సీక్రెట్‌ను (రహస్య విలువలు ఉంచే వస్తువును) వాల్యూమ్‌గా, అంటే ఫోల్డర్‌లా, మౌంట్ చేస్తే అది నోడ్ (క్లస్టర్‌లోని సర్వర్) డిస్క్ మీద కాకుండా మెమరీలోని టెంప్‌ఎఫ్ఎస్‌లో ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రాసెస్ నడుస్తుండగానే ఫైల్‌లోని విలువ మారగలదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అలా మారదు.

డాకర్ కంపోజ్‌లో, స్వార్మ్‌లో (చాలా కంటెయినర్లను కలిపి నడిపే డాకర్ టూల్స్) సీక్రెట్స్ పెడితే అవి కంటెయినర్ లోపల రన్ కింద ఉండే సీక్రెట్స్ ఫోల్డర్‌లో ఫైళ్లుగా వస్తాయి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అధికారిక ఇమేజ్‌లు దీన్ని బాగా అర్థం చేసుకున్నాయి: పాస్‌వర్డ్ వేరియబుల్ పేరు చివర "అండర్‌స్కోర్ ఫైల్" అని చేర్చి ఫైల్ దారి ఇస్తే చాలు, పాస్‌వర్డ్‌ను అందులోంచి చదువుకుంటాయి. మీరు రాసే అప్లికేషన్లలో కూడా ఇదే అలవాటు పెట్టండి.

పాత అప్లికేషన్, కోడ్ మార్చే వీలు లేదు, వేరియబుల్ తప్ప చదవదు అంటే వేరియబుల్ ద్వారానే ఇవ్వండి. అప్పుడు క్రాష్ రిపోర్టులలో ఎన్విరాన్‌మెంట్ వెళ్లకుండా ఆపడం మాత్రం తప్పనిసరి.

కుబెర్నెటీస్ సీక్రెట్‌లో పెడితే ఎన్‌క్రిప్ట్ అవుతుంది కదా?

కాదు. యామ్ల్‌లో (కుబెర్నెటీస్ సెట్టింగులు రాసే ఫైల్‌లో) కనిపించే ఆ అర్థంకాని అక్షరాలు బేస్64 మాత్రమే. బైట్లను అక్షరాలుగా రాసే పద్ధతి అది, తాళం లేదు. ఒక్క కమాండ్‌తో వెనక్కి వస్తుంది. క్లస్టర్‌ను మీరే పెట్టుకుంటే, వేరే సెట్టింగ్ ఇవ్వనంతవరకు ఎట్‌సీడీలో (క్లస్టర్ వివరాలన్నీ దాచే డేటాబేస్‌లో) కూడా ఎన్‌క్రిప్షన్ లేకుండానే ఉంటుంది. ఎట్‌సీడీ బ్యాకప్ దొరికినవాళ్లకు అన్ని పాస్‌వర్డ్‌లూ దొరికినట్టే. కుబెర్నెటీస్ అభ్యర్థనలన్నీ వెళ్లే ఏపీఐ సర్వర్‌కు ఎన్‌క్రిప్షన్ కాన్ఫిగరేషన్ ఇచ్చి దీన్ని సరిచేయాలి. బయటి కేఎమ్ఎస్‌తో (తాళంచెవులను చూసుకునే సర్వీసుతో) కలిపే రెండో తరం పద్ధతి కుబెర్నెటీస్ 1.29లో స్థిరపడింది. సెట్టింగ్ ఇచ్చాక పాత సీక్రెట్లు వాటంతటవే మారవు, ఒకసారి మళ్లీ రాయించాలి.

అంతకంటే పెద్ద తలుపు హక్కుల దగ్గర తెరిచి ఉంటుంది. సీక్రెట్స్ చదివే హక్కు ఇవ్వకపోయినా, ఒక నేమ్‌స్పేస్‌లో (క్లస్టర్‌లోని ఒక విభాగంలో) పాడ్ (కలిసి నడిచే కంటెయినర్ల గుంపు) సృష్టించే హక్కు ఉన్నవాళ్లు ఆ నేమ్‌స్పేస్‌లోని ఏ సీక్రెట్‌నైనా తమ పాడ్‌కు తగిలించి చదువుకోవచ్చు. అలాగే, లిస్ట్ హక్కు ఇస్తే పేర్లు మాత్రమే కనిపిస్తాయి అనుకుంటారు, లోపలి విలువలూ వస్తాయి. అందుకే సీక్రెట్‌కు నిజమైన సరిహద్దు నేమ్‌స్పేసే. ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరు చూడకూడని రెండు టీమ్‌లను ఒకే నేమ్‌స్పేస్‌లో ఉంచకండి.

ఒక సీక్రెట్ 1 ఎంఐబీ దాటకూడదు. పాస్‌వర్డ్‌లకు ఇది ఎప్పుడూ అడ్డు రాదు, పెద్ద కీస్టోర్ ఫైళ్లు పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాలి.

సీక్రెట్‌లో పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది. అయినా డేటాబేస్ తప్పు అంటోంది. ఎందుకు?

ఈ ప్రశ్న వినగానే నాకు ఒక శుక్రవారం సాయంత్రం గుర్తొస్తుంది. ఎకో కమాండ్‌తో పాస్‌వర్డ్‌ను బేస్64లోకి మార్చి సీక్రెట్‌లో పెట్టాను. అప్లికేషన్ లాగిన్ కాలేదు. మా డీబీఏ (డేటాబేస్ చూసుకునే) అన్న రెండుసార్లు పాస్‌వర్డ్ రీసెట్ చేశారు. "నా లాప్‌టాప్ నుంచి వెళ్తోంది తమ్ముడూ, నీ దగ్గరే ఏదో ఉంది" అన్నారు. నాలుగు గంటల టెన్షన్ తర్వాత విలువను డీకోడ్ చేసి బైట్లు లెక్కపెట్టాం. 12 అక్షరాల పాస్‌వర్డ్‌కు 13 బైట్లు. ఎకో కమాండ్ చివర కలిపే కొత్త లైను అక్షరం పాస్‌వర్డ్‌లో భాగమైపోయింది. అప్పటి నుంచి, కొత్త లైను కలపని ప్రింట్‌ఎఫ్ వాడుతున్నాను. ఫైల్ చదివే కోడ్‌లో చివరి కొత్త లైనును తీసేసే అలవాటూ చేసుకున్నాను.

అది కాకపోతే ఇవి చూడండి. కనెక్షన్‌ను ఒకే యూఆర్ఎల్‌గా రాస్తున్నారా? పాస్‌వర్డ్‌లో @ గుర్తు ఉంటే యూఆర్ఎల్ అక్కడే విరిగి, మిగతా ముక్కను హోస్ట్ పేరు అనుకుంటుంది. దాన్ని %40 అని రాయాలి. వీలైతే యూఆర్ఎల్ వద్దు, విడివిడి విలువలుగా ఇవ్వండి.

పోస్ట్‌గ్రెస్‌ను మీరే కంటెయినర్‌లో నడుపుతున్నారా? అధికారిక ఇమేజ్‌కు ఇచ్చే పాస్‌వర్డ్ వేరియబుల్ పని చేసేది డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే. తర్వాత వేరియబుల్ ఎన్నిసార్లు మార్చినా డేటాబేస్ లోపలి పాస్‌వర్డ్ పాతదే. కొత్తవాళ్లు గంటలు పోగొట్టుకునేది దీని దగ్గరే. డేటాబేస్ లోపలికి వెళ్లి రోల్ (పోస్ట్‌గ్రెస్‌లో యూజర్‌కు పేరు) పాస్‌వర్డ్ మార్చాలి.

పాడ్ అసలు మొదలవ్వడమే లేదు.

సీక్రెట్ పేరులోనో, అందులోని కీ పేరులోనో తప్పు ఉంటుంది, లేదా సీక్రెట్ వేరే నేమ్‌స్పేస్‌లో ఉంటుంది. పాడ్ తన నేమ్‌స్పేస్‌లోని సీక్రెట్‌ను మాత్రమే వాడగలదు. వేరియబుల్‌గా ఇస్తుంటే క్రియేట్ కంటెయినర్ కాన్ఫిగ్ ఎర్రర్ అని చూపిస్తుంది, వాల్యూమ్ అయితే కంటెయినర్ క్రియేటింగ్ దగ్గరే ఆగిపోతుంది. డిస్క్రైబ్ కమాండ్‌లో ఈవెంట్స్ చూస్తే పేరుతో సహా చెప్తుంది.

పాస్‌వర్డ్ మార్చితే నడుస్తున్న అప్లికేషన్‌కు తెలుస్తుందా?

ఎలా ఇచ్చారన్న దాన్ని బట్టి. వేరియబుల్‌గా ఇస్తే తెలియదు, పాడ్ రీస్టార్ట్ కావాలి. వాల్యూమ్‌గా మౌంట్ చేస్తే ప్రతి నోడ్ మీద నడిచే క్యూబ్‌లెట్ ఒకటి రెండు నిమిషాల్లో ఫైల్‌ను మార్చేస్తుంది. కానీ సబ్‌పాత్‌తో ఒక్క ఫైల్‌ను మాత్రమే మౌంట్ చేస్తే అది ఎప్పటికీ మారదు. ఇది ఎంతోమందిని ముంచింది.

ఫైల్ మారినంత మాత్రాన సరిపోదు. అప్లికేషన్ మొదట్లో ఒక్కసారి చదివి మెమరీలో ఉంచుకుంటే పాత పాస్‌వర్డ్‌తోనే ఉంటుంది. కొత్త కనెక్షన్ తెరిచే ప్రతిసారీ ఫైల్ చదివేలా రాయడం మంచిది, చిన్న ఫైల్ చదవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. అది కుదరకపోతే సీక్రెట్ మారినప్పుడు డిప్లాయ్‌మెంట్‌ను (అప్లికేషన్ పాడ్‌ల సమూహాన్ని) రీస్టార్ట్ చేసే రీలోడర్ లాంటి టూల్ పెట్టుకోండి. హెల్మ్ (కుబెర్నెటీస్ ప్యాకేజీ టూల్) వాడేవాళ్లు సీక్రెట్ చెక్‌సమ్‌ను పాడ్ అనొటేషన్‌లో పెడతారు, అదీ పని చేస్తుంది.

అప్లికేషన్ ఒక్క క్షణం కూడా ఆగకుండా పాస్‌వర్డ్ మార్చడం సాధ్యమేనా?

సాధ్యమే. నన్నడిగితే పాస్‌వర్డ్ ఎక్కడ దాచాలో నిర్ణయించే ముందే దీన్ని ఆలోచించాలి. మార్చడం సులువైతే లీక్ అయిన రోజు భయం ఉండదు. మార్చడం కష్టమైతే ఎంత మంచి ఖజానాలో దాచినా ఆ పాస్‌వర్డ్ ముసలిదైపోతుంది, వెళ్లిపోయిన ఉద్యోగులందరికీ తెలిసి ఉంటుంది.

చిక్కు ఏమిటంటే డేటాబేస్‌లో పాస్‌వర్డ్ మార్చిన క్షణానికీ, చివరి పాడ్‌కు కొత్తది చేరిన క్షణానికీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో కొత్త కనెక్షన్లు ఫెయిల్ అవుతాయి. కాబట్టి కాసేపు పాతది, కొత్తది రెండూ చెల్లాలి.

మైఎస్‌క్యూఎల్ 8.0.14 నుంచి ఒకే యూజర్‌కు రెండు పాస్‌వర్డ్‌లు ఉంచవచ్చు. పాతదాన్ని ఉంచుతూ కొత్తది పెడతారు, అందరూ మారాక పాతదాన్ని తీసేస్తారు. రెడిస్ 6 నుంచి ఏసీఎల్‌లో (యూజర్ల హక్కుల జాబితాలో) ఒక యూజర్‌కు ఎన్ని పాస్‌వర్డ్‌లైనా ఇవ్వవచ్చు.

పోస్ట్‌గ్రెస్‌లో ఒక రోల్‌కు ఒకే పాస్‌వర్డ్. అందుకని ఇద్దరు యూజర్లను పెట్టుకుంటాం. లాగిన్ లేని ఒక రోల్ తయారు చేసి టేబుళ్లన్నీ దాని సొంతం చేయండి. లాగిన్ ఉన్న రెండు రోల్స్, ఒకటి "ఎ", ఒకటి "బి" అనుకుందాం, వాటిని దానిలో సభ్యులుగా చేర్చండి. లాగిన్ అవగానే ఆ ఉమ్మడి రోల్‌లోకి మారేలా ఆ రెండింటికీ సెట్టింగ్ పెట్టండి. ఇది మర్చిపోతే మైగ్రేషన్లలో (టేబుళ్లను మార్చే స్క్రిప్టులలో) కొత్త టేబుళ్లు ఒకసారి "ఎ" పేరు మీద, ఒకసారి "బి" పేరు మీద పడి, మూడో నెలలో పర్మిషన్ ఎర్రర్లు మొదలవుతాయి. ఇప్పుడు అప్లికేషన్ "ఎ"తో నడుస్తుంటే "బి" పాస్‌వర్డ్ మార్చి సీక్రెట్‌లో "బి" వివరాలు పెట్టండి. పాడ్‌లన్నీ మారాయని డేటాబేస్‌లోని యాక్టివిటీ వ్యూలో (ఇప్పుడు ఎవరు కనెక్ట్ అయి ఉన్నారో చూపే పట్టికలో) చూసుకున్నాకే "ఎ" పాస్‌వర్డ్ మార్చండి. వచ్చేసారి ఇదే తిరగేసి చేయండి.

ఒక హెచ్చరిక. పోస్ట్‌గ్రెస్‌లో పాస్‌వర్డ్ మార్చినా అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు తెగిపోవు. అంతా బాగానే ఉందనిపిస్తుంది, కనెక్షన్ పూల్ (తెరిచి ఉంచిన కనెక్షన్ల నిల్వ) పాతవాటిని మూసి కొత్తవి తెరిచినప్పుడు అసలు రంగు బయటపడుతుంది. జావా అప్లికేషన్లు వాడే హికారీ పూల్‌లో కనెక్షన్ గరిష్ఠ ఆయుష్షు మామూలుగా 30 నిమిషాలు. అంటే మార్చిన అరగంట తర్వాత కూడా ఓ కన్ను వేసి ఉంచాలి.

సర్వీస్ బైండింగ్ అంటారు, అదేమిటి?

అప్లికేషన్లు నడిపే ప్లాట్‌ఫామ్ క్లౌడ్ ఫౌండ్రీ వాడినవాళ్లకు ఇది పాత పరిచయమే. అక్కడ అప్లికేషన్‌ను సర్వీసుకు బైండ్ చేస్తే, అన్ని వివరాలూ ఒక జేసన్‌గా వీక్యాప్ సర్వీసెస్ అనే వేరియబుల్‌లోకి వస్తాయి. హోస్ట్ ఎక్కడ, పాస్‌వర్డ్ ఎక్కడ అని డెవలపర్ వెతుక్కోనక్కర్లేదు.

కుబెర్నెటీస్‌లో ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకోవడంతో ఆ సౌకర్యం పోయింది. ఒక టీమ్ డీబీ హోస్ట్ అంటుంది, ఇంకొకటి డేటాబేస్ హోస్ట్ అంటుంది. దీన్ని సరిచేయడానికే సర్వీస్ బైండింగ్ స్పెసిఫికేషన్ వచ్చింది. ఒక్కో సర్వీసుకు ఒక్కో ఫోల్డర్, అందులో హోస్ట్, పోర్ట్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అనే ఫైళ్లు, ఇది ఏ రకం సర్వీసో చెప్పే టైప్ అనే ఫైల్ తప్పనిసరి. ఈ ఫోల్డర్లు ఎక్కడున్నాయో సర్వీస్ బైండింగ్ రూట్ అనే వేరియబుల్ చెప్తుంది. ఆ వేరియబుల్‌లో రహస్యం ఏమీ ఉండదు, దారి మాత్రమే. జావా ఫ్రేమ్‌వర్కులు స్ప్రింగ్ బూట్, క్వార్కస్‌లతో రాసిన అప్లికేషన్లు లైబ్రరీ తోడుంటే ఆ ఫోల్డర్ చూసి వాటంతటవే కనెక్ట్ అవుతాయి.

దీన్ని క్లస్టర్‌లో ఆటోమేటిక్‌గా చేసే ఆపరేటర్ ప్రోగ్రామ్ పెట్టుకోకపోయినా, ఈ ఫోల్డర్ పద్ధతిని మీ సీక్రెట్లలో చేత్తోనే పాటించండి.

యామ్ల్ అన్నీ గిట్‌లో ఉండాలంటారు. మరి సీక్రెట్ యామ్ల్?

మామూలుగా అయితే పెట్టకూడదు. పెట్టాలంటే రెండు దారులు. సీల్డ్ సీక్రెట్స్ లేదా ఎస్ఓపీఎస్ అనే టూల్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టడం ఒకటి. అసలు విలువను బయటి ఖజానాలో ఉంచి, గిట్‌లో దాని పేరు మాత్రమే రాయడం రెండోది, ఎక్స్‌టర్నల్ సీక్రెట్స్ ఆపరేటర్ ఆ పేరు చూసి విలువ తెచ్చిపెడుతుంది. నాకు రెండోదే నచ్చుతుంది, పాస్‌వర్డ్ మార్చడానికి గిట్ కమిట్ అక్కర్లేదు కాబట్టి. మొదటి దారిలో తాళంచెవి ఎవరి చేతికైనా చిక్కితే గిట్ హిస్టరీలోని పాత పాస్‌వర్డ్‌లన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి.

వాల్ట్ (హాషికార్ప్ వాళ్ల సీక్రెట్ ఖజానా) లాంటిది మాకు కావాలా?

నాలుగైదు సర్వీసులు, ఇద్దరు ఇంజనీర్లు ఉన్న చోట వద్దనే చెప్తాను. దాన్ని నడపడం, అన్‌సీల్ చేయడం (రీస్టార్ట్ అయ్యాక తాళం తీయడం), బ్యాకప్ తీయడం ఒక మనిషి పని. క్లౌడ్ వాళ్లు ఇచ్చే సీక్రెట్ మేనేజర్ చాలు.

సర్వీసులు పెరిగాక దాని అసలు విలువ తెలుస్తుంది. అడిగిన ప్రతి పాడ్‌కు డేటాబేస్‌లో అప్పటికప్పుడు కొత్త యూజర్‌ను సృష్టించి ఇస్తుంది, గడువు తీరగానే తీసేస్తుంది. ఏ పాడ్ ఏ క్వెరీ నడిపిందో యూజర్ పేరును బట్టే తెలుస్తుంది. సెట్టింగ్ ఏమీ మార్చకపోతే గడువు 32 రోజులు. అది చాలా ఎక్కువ, గంటలకు తగ్గించుకోండి. హాషికార్ప్ 2023లో లైసెన్స్ మార్చాక, ఓపెన్ సోర్స్‌గానే కావాలనుకున్నవాళ్ల కోసం ఓపెన్‌బావ్ అనే శాఖ లైనక్స్ ఫౌండేషన్ నీడలో నడుస్తోంది.

"మరి వాల్ట్‌లోకి వెళ్లడానికి పాస్‌వర్డ్ ఎవరిస్తారు?" అని తప్పక అడుగుతారు. కుబెర్నెటీస్ పాడ్‌కు ఇచ్చే సర్వీస్ అకౌంట్ టోకెనే గుర్తింపు కార్డు. వాల్ట్ దాన్ని క్లస్టర్‌తో సరిచూసుకుంటుంది.

అసలు పాస్‌వర్డే లేకుండా కుదరదా?

క్లౌడ్‌లో చాలావరకు కుదురుతుంది. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో సర్వీస్ అకౌంట్‌కు ఐఏఎం రోల్ (క్లౌడ్ హక్కుల గుర్తింపు) తగిలించే సౌకర్యం 2019లో వచ్చింది, 2023లో పాడ్ ఐడెంటిటీ దాన్ని ఇంకా తేలిక చేసింది. గూగుల్, అజూర్‌లలో వర్క్‌లోడ్ ఐడెంటిటీ అంటారు. ఎస్3, క్యూల వంటివాటికి శాశ్వత కీలు పెట్టడానికి ఇప్పుడు కారణం లేదు.

ఏడబ్ల్యూఎస్ డేటాబేస్ సర్వీసు ఆర్‌డీఎస్‌లోని పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌కు కూడా పాస్‌వర్డ్ బదులు ఐఏఎం టోకెన్ వాడవచ్చు. టోకెన్ 15 నిమిషాలే చెల్లుతుంది, అది కనెక్షన్ తెరిచేటప్పుడు మాత్రమే అవసరం, తెరిచిన కనెక్షన్ ఆ తర్వాత కూడా నడుస్తుంది. కాబట్టి పూల్ కొత్త కనెక్షన్ తెరిచే ప్రతిసారీ కొత్త టోకెన్ తీసుకునేలా రాయాలి.

ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్ (డేటా సెంటర్ల ప్రాంతం) నుంచి, 2022 నవంబర్‌లో మొదలైన హైదరాబాద్ రీజియన్‌కు మారేవాళ్లు ఒకటి చూసుకోవాలి: సీక్రెట్స్ మేనేజర్‌లోని సీక్రెట్లు రీజియన్‌కు కట్టుబడి ఉంటాయి. కొత్త రీజియన్‌కు రెప్లికేట్ చేయకపోతే, హైదరాబాద్‌లోని పాడ్ ముంబై అందుబాటులో లేని రోజున మొదలవ్వదు.

లాప్‌టాప్‌లో డెవలప్‌మెంట్‌కు ఏం వాడాలి?

డాట్ ఎన్వ్ ఫైల్ (వేరియబుల్స్ రాసుకునే ఫైల్) పరవాలేదు, అందులో ప్రొడక్షన్ విలువలు లేనంతవరకు. దాన్ని గిట్ ఇగ్నోర్‌లో అందరూ పెడతారు, డాకర్ ఇగ్నోర్‌లో (ఇమేజ్‌లోకి వెళ్లకూడని ఫైళ్ల జాబితాలో) పెట్టడం మర్చిపోతారు. డాకర్‌ఫైల్‌లో మొత్తం ఫోల్డర్‌ను కాపీ చేసే లైను ఉంటే ఆ ఫైల్ ఇమేజ్‌లోకి వెళ్లిపోతుంది.

పాస్‌వర్డ్ గిట్‌హబ్‌లోకి వెళ్లిపోయింది. ఇప్పుడు ఏం చేయాలి?

ముందు పాస్‌వర్డ్ మార్చండి. కమిట్ తీసేయడం, హిస్టరీ శుభ్రం చేయడం తర్వాత. పబ్లిక్ రిపోజిటరీలను బాట్లు నిత్యం గాలిస్తూ ఉంటాయి, మీరు కమిట్ తుడిచేలోపే కాపీ అయి ఉండొచ్చు. 2016లో ఉబర్ డేటా పోయింది ప్రైవేట్ రిపోజిటరీలో దొరికిన ఏడబ్ల్యూఎస్ కీ వల్లే, 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు అందులో ఉన్నాయి. కాబట్టి ప్రైవేట్ కదా అని ఆగకండి.

మార్చాక డేటాబేస్‌లో తెరిచి ఉన్న పాత కనెక్షన్లను తెంచండి. ఆ యూజర్ పేరుతో తెలియని అడ్రస్ నుంచి ఎవరైనా వచ్చారేమో లాగ్‌లు చూడండి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతున్నారేమో వెతకండి, చాలాసార్లు స్టేజింగ్‌లో (ప్రొడక్షన్‌కు ముందు పరీక్షించే చోట) అదే ఉంటుంది.

తప్పు చేసింది కొత్తగా చేరిన తమ్ముడో చెల్లెలో అయితే నలుగురిలో నిలదీయకండి. "అన్నా, పొరపాటున పుష్ చేశాను" అని ఐదు నిమిషాల్లో వచ్చి చెప్పగలిగితే మనకు మిగిలేవి గంటలు. భయపడి సాయంత్రం దాకా దాచుకుంటే ఆ గంటలు అవతలివాళ్లకు దక్కుతాయి.